ప్రొఫైల్ షేర్ ఉన్న ఫైల్ సర్వర్ పడిపోయినా సెషన్లు నిలవాలంటే ఏం చేయాలి?

రాత్రిషిఫ్ట్ | సోమవారం రాత్రి 10:42

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టు, ఓపికగా చదవండి.

మా దగ్గర 14 సెషన్ హోస్టులు (యూజర్లు లాగిన్ అయి పనిచేసే సర్వర్లు) ఉన్నాయి, అన్నీ విండోస్ సర్వర్ 2019. రోజూ సుమారు 320 మంది రిమోట్ డెస్క్‌టాప్ మీదే పని చేస్తారు. ప్రొఫైళ్లన్నీ (యూజర్ సెట్టింగులు, ఫైళ్లు) మైక్రోసాఫ్ట్ ఎఫ్‌ఎస్‌లాజిక్స్ కంటైనర్లలో, అంటే మనిషికొక వీహెచ్‌డీఎక్స్ (వర్చువల్ డిస్క్) ఫైలు. ఆ ఫైళ్లు రెండు ఫైల్ సర్వర్లలో ఉంటాయి. ముందు డీఎఫ్‌ఎస్ నేమ్‌స్పేస్ (రెండు సర్వర్లకూ ఒకే దారి), వెనక డీఎఫ్‌ఎస్ రెప్లికేషన్ (ఒకదాని ఫైళ్లు రెండోదానికి కాపీ చేసేది). ఒకటి పోతే రెండోది అందుకుంటుందని నమ్మి ఏడాదిన్నర క్రితం నేనే పెట్టాను.

ఇవాళ ఉదయం 11 గంటలకు మొదటి సర్వర్ ఉన్నట్టుండి రీబూట్ అయింది. సెషన్లన్నీ బిగుసుకుపోయాయి. జనం లాగాఫ్ అయి మళ్లీ లాగిన్ అయ్యారు. రెండో సర్వర్ నుంచి ప్రొఫైళ్లు వచ్చాయి, హమ్మయ్య అనుకున్నాను. పావుగంటలో ఫోన్లు మొదలయ్యాయి. పొద్దున సేవ్ చేసిన ఫైలు లేదని ఒకరు, మెయిల్‌లో కట్టుకున్న సంతకం పోయిందని ఇంకొకరు. అందరికీ శుక్రవారం సాయంత్రం నాటి ప్రొఫైల్ కనిపిస్తోంది. మొదటి సర్వర్ లేచాక అదే సర్దుకుంటుందిలే అనుకున్నాను. సాయంత్రం అందరూ వెళ్లాక చూస్తే, మొదటి సర్వర్‌లో కూడా పొద్దుటి మార్పులు లేవు!

రెండు ప్రశ్నలు. పొద్దున రెండు గంటల పని తిరిగి దొరుకుతుందా? ఇలా మళ్లీ జరగకూడదంటే ఏం చేయాలి?

పాతకేబుల్ | సోమవారం రాత్రి 10:58

తమ్ముడూ, రెండో ప్రశ్న రేపు మాట్లాడుకుందాం. ముందు ఇది చెయ్యి, ఇప్పుడే. రెండు సర్వర్లలోనూ డీఎఫ్‌ఎస్ రెప్లికేషన్ సర్వీస్ ఆపెయ్యి. తర్వాత మొదటి సర్వర్‌లో, రెప్లికేట్ అవుతున్న ఫోల్డర్ లోపల దాచి ఉండే డీఎఫ్‌ఎస్‌ఆర్‌ప్రైవేట్ అనే ఫోల్డర్ తెరువు. అందులో కాన్‌ఫ్లిక్ట్ అండ్ డిలీటెడ్ అని ఇంకోటి ఉంటుంది. దాన్ని మొత్తంగా వేరే డిస్క్ మీదికి కాపీ చెయ్యి.

ఒకే ఫైలు రెండు చోట్లా మారితే డీఎఫ్‌ఎస్ రెప్లికేషన్ చివరగా రాసినదాన్నే ఉంచుతుంది. ఓడిపోయిన కాపీని ఆ ఫోల్డర్‌లోకి నెడుతుంది. మీవాళ్లు సాయంత్రం దాకా రెండో సర్వర్ కాపీలో పనిచేశారు కాబట్టి అదే గెలిచింది. పొద్దుటి కాపీ మొదటి సర్వర్‌లో ఓడిపోయింది. కానీ ఆ ఫోల్డర్ కోటా మామూలుగా 4 జీబీయే. నిండుతున్న కొద్దీ పాతవి చెరిపేస్తూ పోతుంది. మీ కంటైనర్లు ఒక్కొక్కటి ఎంత ఉంటాయో చూసుకో, ఎందుకు తొందరపెడుతున్నానో అర్థమవుతుంది.

రాత్రిషిఫ్ట్ | సోమవారం రాత్రి 11:35

సర్వీస్ ఆపాను అన్నా. ఫోల్డర్‌లో 3 కంటైనర్లే మిగిలాయి. కాపీ చేస్తున్నాను. ఫైళ్ల పేర్లు మారిపోయి ఉన్నాయి, ఏది ఎవరిదో తెలియడం లేదు.

పాతకేబుల్ | సోమవారం రాత్రి 11:41

పక్కనే ఒక ఎక్స్‌ఎంఎల్ మానిఫెస్ట్ ఉంటుంది. ఏ ఫైలు ముందు ఎక్కడ, ఏ పేరుతో ఉందో అందులో రాసి ఉంటుంది. పవర్‌షెల్‌లో రిస్టోర్-డీఎఫ్‌ఎస్‌ఆర్‌ప్రిజర్వ్‌డ్‌ఫైల్స్ అనే కమాండ్ ఉంది, అది ఆ మానిఫెస్ట్ చదివి పాత పేర్లతో వేరే చోటికి తీసిస్తుంది. షేర్‌లో నేరుగా పెట్టొద్దు. పక్కన మౌంట్ చేసి, కావలసిన ఫైళ్లు మాత్రం తీసి వాళ్లకి ఇవ్వు. మిగతావాళ్లకి బ్యాకప్ ఉంటే దానిలోంచి. పడుకో ఇక.

మేఘమాల | మంగళవారం ఉదయం 8:15

రాత్రిషిఫ్ట్ గారూ, ఈ పొరపాటు చాలామంది చేస్తారు, మనసు కష్టపెట్టుకోకండి. అసలు కారణం చెప్తాను. యూజర్ లాగిన్ అయినప్పటి నుంచి లాగాఫ్ అయ్యేదాకా ఆ వీహెచ్‌డీఎక్స్ తెరిచే ఉంటుంది. తెరిచి ఉన్న ఫైలును డీఎఫ్‌ఎస్ రెప్లికేషన్ ముట్టుకోదు. అంటే పగలంతా మీకు ఉన్నది ఒక్క కాపీయే. రెండోది నిన్నటిదో మొన్నటిదో. మీ ఈవెంట్ లాగ్‌లో 4304 నంబరుతో హెచ్చరికలు వరుసగా ఉండి ఉంటాయి, చూడండి.

నా సలహా ఎఫ్‌ఎస్‌లాజిక్స్‌లోనే ఉన్న క్లౌడ్ క్యాష్. సెషన్ హోస్ట్ ముందు తన లోకల్ డిస్క్ మీద రాసుకుని, అక్కడి నుంచి రెండు షేర్లకూ తనే పంపుతుంది. ఒక షేర్ పోయినా రెండోదానితో సెషన్ నడుస్తూనే ఉంటుంది. పోయింది తిరిగి వచ్చాక బాకీ ఉన్నదంతా దానికి అందిస్తుంది. క్లస్టర్ (ఒకటిగా పనిచేసే సర్వర్ల జట్టు) కట్టే పని లేదు. మీకున్న రెండు సర్వర్లే సరిపోతాయి.

కొత్తఅడ్మిన్ | మంగళవారం ఉదయం 9:02

ఒక సందేహం. మామూలు వీహెచ్‌డీ లొకేషన్స్ సెట్టింగ్‌లోనే రెండు దారులు ఇవ్వొచ్చు కదా? అది చాలదా?

మేఘమాల | మంగళవారం ఉదయం 9:10

చాలదండీ. ఆ జాబితాలో ఉన్న చోట్లను వరుసగా వెతుకుతుందే తప్ప రెండింట్లోనూ రాయదు. మొదటి చోటు అందకపోతే రెండో చోట కొత్త ఖాళీ ప్రొఫైల్ సృష్టిస్తుంది. అది ఇంకా పెద్ద తలనొప్పి. రెండింట్లోనూ రాసేది క్లౌడ్ క్యాష్ ఒక్కటే, దానికి సీసీడీ లొకేషన్స్ అని వేరే సెట్టింగ్ ఉంది.

పాతకేబుల్ | మంగళవారం మధ్యాహ్నం 1:20

మేఘమాల గారు కారణం సరిగ్గా చెప్పారు. మందు విషయంలో నాది వేరే అభిప్రాయం.

క్లౌడ్ క్యాష్‌లో రాతలన్నీ ముందు సెషన్ హోస్ట్ లోకల్ డిస్క్ మీద పడతాయి. 320 మంది 14 హోస్టుల మీద అంటే, ఒక్కో హోస్ట్ మీద 23 మంది క్యాష్ ఉంటుంది. ఆ హోస్ట్ డిస్కులు దీనికోసం కొన్నవి కావు. ఇంకోటి, లాగాఫ్ అప్పుడు మిగిలిన రాతలన్నీ షేర్లకు చేరేదాకా సెషన్ ఆగుతుంది. సాయంత్రం అందరూ ఒకేసారి లేచే చోట అది బాగా తెలుస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, సెషన్ హోస్టే చచ్చిపోతే? షేర్లకు ఇంకా చేరని రాతలు దానితోపాటే పోతాయి. ఫైల్ సర్వర్ పోతుందన్న భయాన్ని తీసుకెళ్లి 14 చోట్ల పెట్టినట్టు అవుతుంది.

నేను స్కేల్-అవుట్ ఫైల్ సర్వర్ అంటాను, అంటే క్లస్టర్‌లోని సర్వర్లన్నీ కలిసి ఇచ్చే ఒకే షేర్. ఎందుకో చెప్తాను. మనందరం ఈ సమస్యను "కాపీలు ఎన్ని ఉన్నాయి" అని ఆలోచిస్తున్నాం. నిజానికి చూడవలసింది తెరిచి ఉన్న ఫైలు గతి ఏమిటని. యూజర్ సెషన్‌కు ఆ వీహెచ్‌డీఎక్స్ ఒక డిస్క్ లాంటిది. పని మధ్యలో డిస్క్ ఊడిపోతే విండోస్ తట్టుకోలేదు. కాబట్టి సర్వర్ మారినా ఆ తెరిచిన హ్యాండిల్ (ఫైలు మీద సెషన్‌కు ఉన్న పట్టు) చెక్కుచెదరకుండా ఉండాలి. ఎస్‌ఎంబీ (విండోస్ ఫైల్ షేరింగ్ పద్ధతి) 3.0తో, అంటే సర్వర్ 2012 నుంచి, సరిగ్గా ఆ పనికే కంటిన్యువస్ అవైలబిలిటీ ఉంది. షేర్ మీద ఆ గుర్తు ఉంటే, ఎవరు ఏ ఫైలు తెరిచారో, ఏ లాక్ పట్టుకున్నారో క్లస్టర్ డిస్క్ మీద రాసి ఉంచుతుంది. ఒక నోడ్ (క్లస్టర్‌లోని సర్వర్) పోతే క్లయింట్ రెండో నోడ్‌కు వెళ్లి "నా హ్యాండిల్ ఇది" అని చూపించి అక్కడి నుంచి కొనసాగిస్తుంది. యూజర్‌కు తెర కొన్ని సెకన్లు ఆగినట్టు ఉంటుంది, అంతే.

దీనికి ధర కూడా ఉంది. ఆ షేర్‌లో ప్రతి రాతా నేరుగా డిస్క్‌కు వెళ్లాలి, మధ్యలో జ్ఞాపకంలో దాచుకోవడం ఉండదు. వేలకొద్దీ చిన్న ఫైళ్లు తెరిచి మూసే మామూలు డాక్యుమెంట్ షేర్‌కు ఇది బరువు. కానీ ప్రొఫైల్ కంటైనర్ ఒకసారి తెరిస్తే సాయంత్రం మూసే ఒకే పెద్ద ఫైలు. దానికి బాగా నప్పుతుంది.

మేఘమాల | మంగళవారం మధ్యాహ్నం 2:05

పాతకేబుల్ గారూ, లాగాఫ్ ఆలస్యం నిజమే, ఒప్పుకుంటాను. మా దగ్గర ఎన్‌వీఎంఈ (చాలా వేగమైన ఎస్‌ఎస్‌డీ) డిస్కులు వేశాక గానీ తగ్గలేదు. కానీ మాకు రెండు సైట్లు ఉన్నాయి, మధ్యలో ఉన్న లైను మీద క్లస్టర్ సాగదీయడం మాకు కుదరలేదు. సింక్రనస్ స్టోరేజ్ రెప్లికాకు (రెండు చోట్లా ఒకేసారి రాసే పద్ధతికి) రానుపోను 5 మిల్లీసెకన్లు దాటకూడదంటారు, మాది అంతకన్నా చాలా ఎక్కువ. అలాంటి చోట క్లౌడ్ క్యాష్ తప్ప దారి లేదు. రాత్రిషిఫ్ట్ గారివి రెండూ ఒకే గదిలో ఉంటే మీ మాటే సరి.

రాత్రిషిఫ్ట్ | మంగళవారం రాత్రి 9:30

రెండూ ఒకే గదిలోనే. రెండు ఫిజికల్ హోస్టులు, మధ్యలో 10 గిగాబిట్ లింకు, రెండింటికీ డేటాసెంటర్ ఎడిషన్ లైసెన్సు ఉంది. సాన్ (సర్వర్లు పంచుకునే స్టోరేజ్ పెట్టె) లేదు, డిస్కులన్నీ లోపలివే. సాన్ లేకుండా స్కేల్-అవుట్ కుదురుతుందా? ఎంత వేగం కావాలో ఎలా లెక్కేయాలి?

ముగ్గురివి దొరికాయి. మిగతావాళ్లకు ఆదివారం రాత్రి బ్యాకప్పే దిక్కు, దానిలో సోమవారం పొద్దుటి పని ఉండదు కదా. ఇవాళ ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పాను.

పాతకేబుల్ | మంగళవారం రాత్రి 9:52

ఫోన్ చేసి చెప్పడం మంచి పని చేశావు.

కుదురుతుంది. డేటాసెంటర్ ఎడిషన్ ఉంది కాబట్టి స్టోరేజ్ స్పేసెస్ డైరెక్ట్ వాడుకోవచ్చు. సర్వర్ 2016 నుంచి ఉంది, రెండు నోడ్‌లతో కూడా నడుస్తుంది. రెండు హోస్టుల లోపలి డిస్కులను కలిపి అద్దంలా రెండు వైపులా రాస్తుంది. డిస్క్ జాగాలో సగమే చేతికొస్తుందని ముందే లెక్కేసుకో.

వేగం సంగతి: మైక్రోసాఫ్ట్ ఎఫ్‌ఎస్‌లాజిక్స్‌కు ఇచ్చే అంచనా, మనిషికి మామూలుగా 10 ఐఓపీఎస్ (సెకనుకు డిస్క్ చదివే, రాసే పనులు), లాగిన్ లాగాఫ్ అప్పుడు 50. నీ 320 మందికి రోజంతా 3,200. అందరూ ఒకే నిమిషంలో వస్తే 16,000. ఆ పెద్ద అంకెకే కొనాలి, ఎందుకంటే పొద్దున్నే జనం తిట్టేది అప్పుడే.

డిస్కుల విషయంలో ఒక్క మాట గట్టిగా చెప్తున్నాను. పవర్ పోయినా రాత పోకుండా కాపాడే కెపాసిటర్లు ఉన్న సర్వర్ ఎస్‌ఎస్‌డీలే తీసుకో. మామూలు డెస్క్‌టాప్ ఎస్‌ఎస్‌డీలు డబ్బా మీద ఎంత వేగం రాసి ఉన్నా ఇక్కడ నత్తనడకే. ప్రతి రాతా డిస్క్‌లో పడిందని రూఢి అయ్యాకే జవాబు ఇవ్వాలి కదా, అక్కడ బయటపడుతుంది వాటి సంగతి.

ఉమ_హెల్ప్‌డెస్క్ | బుధవారం ఉదయం 10:25

స్టోరేజ్ గురించి నాకు అంత తెలియదు కానీ, ఫోన్ ఎత్తే మనిషిగా ఒక మాట చెప్పాలి. ప్రొఫైల్ దొరకనప్పుడు మీరంతా యూజర్‌ను టెంపరరీ ప్రొఫైల్‌తో లోపలికి రానిస్తారా, ఆపేస్తారా?

మా దగ్గర ఇలాగే షేర్ అందక ఒకామె టెంపరరీ ప్రొఫైల్‌లోకి వెళ్లింది. డెస్క్‌టాప్ ఖాళీగా ఉందేమిటని అనుకుంది గానీ, పని వత్తిడిలో ఎవరికీ చెప్పలేదు. నాలుగు గంటలు కూర్చుని ఒక పెద్ద పట్టిక తయారుచేసి డెస్క్‌టాప్ మీదే సేవ్ చేసింది. లాగాఫ్ నొక్కింది. అంతే, ఫోల్డర్‌తో సహా మొత్తం పోయింది. ఫోన్లో ఆమె ఏడుస్తుంటే నా దగ్గర చెప్పడానికి ఏమీ లేదు. ఆ రోజు నుంచి లాగిన్ ఆపేయండని అడుగుతూనే ఉన్నాను. లోపలికి రానివ్వకపోతే తిడతారు, ఫోన్ చేస్తారు, అది పర్లేదు. పని పోదు.

మేఘమాల | బుధవారం ఉదయం 10:50

ఉమ గారూ, మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఎఫ్‌ఎస్‌లాజిక్స్‌లో దీనికి రెండు రిజిస్ట్రీ విలువలు ఉన్నాయి: ప్రివెంట్‌లాగిన్‌విత్‌ఫెయిల్యూర్, ప్రివెంట్‌లాగిన్‌విత్‌టెంప్‌ప్రొఫైల్. రెండూ 1 చేస్తే, కంటైనర్ దొరకని యూజర్‌కు సందేశం చూపించి అక్కడే ఆపుతుంది. రాత్రిషిఫ్ట్ గారూ, క్లస్టర్ సంగతి తర్వాత, ఇది ఈరోజే పెట్టండి. డీఎఫ్‌ఎస్‌లో రెండో టార్గెట్‌ను (రెండో సర్వర్ దారిని) కూడా ఈరోజే ఆపేయండి. పాత కాపీ ఇవ్వడం కన్నా ఏమీ ఇవ్వకపోవడమే నయం.

బ్యాకప్_విశ్వాసి | బుధవారం సాయంత్రం 6:40

క్లస్టర్ కట్టాక బ్యాకప్ మానేసేవాళ్లను చూశాను, అందుకే రాస్తున్నాను. కంటైనర్ లోపల ఫైల్ సిస్టమ్ పాడైతే అద్దం రెండు వైపులా ఒకేలా పాడవుతుంది. రాత్రి అందరూ లాగాఫ్ అయ్యాక ఒక స్నాప్‌షాట్, వేరే పెట్టె మీదికి ఒక బ్యాకప్ ఉండాల్సిందే. డాక్యుమెంట్లు, డెస్క్‌టాప్ ఫోల్డర్లను కంటైనర్ బయటికి, వేరే షేర్‌కు మళ్లించండి. కంటైనర్ చిన్నదవుతుంది, అది పోయినా పోయేది సెట్టింగులే. యాంటీవైరస్‌లో వీహెచ్‌డీఎక్స్‌లకు మినహాయింపు మరచిపోవద్దు.

రాత్రిషిఫ్ట్ | 19 రోజుల తర్వాత, సోమవారం రాత్రి 11:50

డిస్కులు వచ్చాయి, క్లస్టర్ కట్టాను, వ్యాలిడేషన్ పాస్ అయింది. ప్రొఫైల్ షేర్ స్కేల్-అవుట్ మీద పెట్టాను, కంటిన్యువస్ అవైలబిలిటీ ఆన్‌లోనే ఉంది. పరీక్ష కోసం ఒక యూజర్‌గా లాగిన్ అయి, నోట్‌ప్యాడ్‌లో టైప్ చేస్తూ నోడ్‌ను మార్చాను. కర్సర్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. చాలా సంతోషంగా ఉంది. ఈ వారాంతం 320 మందినీ మారుద్దామనుకుంటున్నాను.

పాతకేబుల్ | మంగళవారం ఉదయం 6:30

మార్చకు. నువ్వు చేసింది మర్యాదగా అడిగి మార్చడం. అప్పుడు పాత నోడ్ అన్నీ అప్పజెప్పి పక్కకు తప్పుకుంటుంది. నీ సర్వర్ ఆ సోమవారం అలా అడిగి వెళ్లిందా? పరీక్షకు పది మంది యూజర్లను లాగిన్ చేసి, ఒక్కొక్కరి దగ్గర ఏదో ఒక ఫైలు కాపీ అవుతుండగా, ఒక హోస్ట్ కరెంటు వైరు పీకు. షట్‌డౌన్ కాదు, వైరు. రెండో హోస్ట్‌తో కూడా అదే చెయ్యి. రెండూ అయ్యాక మాట్లాడదాం.

రాత్రిషిఫ్ట్ | బుధవారం రాత్రి 1:15

మంచిదైంది అన్నా ఆపావు.

రెండో హోస్ట్ వైరు పీకాను. పది సెషన్లూ కొన్ని సెకన్లు ఆగి మళ్లీ కదిలాయి. కాపీ ఆగిన చోటి నుంచే ముందుకెళ్లింది. ఒక్క ఫైలు కూడా చెడలేదు.

మొదటి హోస్ట్ వైరు పీకాను. అన్నీ ఆగాయి. నిమిషం చూశాను, రెండు నిమిషాలు చూశాను. రెండో నోడ్ పచ్చగా వెలుగుతూనే ఉంది కానీ క్లస్టర్ సర్వీసే ఆగిపోయింది. ఎంతసేపూ డిస్కుల వైపు చూస్తూ వెతికాను. అరగంట తర్వాత తట్టింది: ఫైల్ షేర్ విట్నెస్ (క్లస్టర్‌లో మూడో ఓటు వేసేది) పెట్టిన వర్చువల్ మెషీన్ మొదటి హోస్ట్ మీదే నడుస్తోంది! హోస్ట్‌తో పాటు విట్నెస్ కూడా పోయింది. మూడు ఓట్లలో రెండు ఒకేసారి పోయాయి, మిగిలిన ఒక్కటితో క్వోరమ్ (క్లస్టర్ నడవడానికి కావలసిన మెజారిటీ) నిలవలేదు.

మేఘమాల | బుధవారం ఉదయం 7:45

విట్నెస్‌ను మూడో చోట పెట్టండి, ఆ రెండు హోస్టులతో ఏ సంబంధమూ లేని చోట. వేరే పాత ఫిజికల్ సర్వర్ మీద చిన్న షేర్ అయినా చాలు. సర్వర్ 2019లో అయితే రూటర్‌కు గుచ్చిన యూఎస్‌బీ డ్రైవ్ కూడా పనికొస్తుంది, ఆ రూటర్‌కు ఎస్‌ఎంబీ 2 వస్తే. ఇంటర్నెట్ నమ్మకంగా ఉంటే అజూర్‌లో క్లౌడ్ విట్నెస్ పెట్టుకోవచ్చు. డీఎఫ్‌ఎస్ దారి మాత్రం విట్నెస్‌కు ఇవ్వకండి.

పనిలో పని, మీ డొమైన్ కంట్రోలర్లు రెండూ ఏ హోస్ట్ మీద ఉన్నాయో చూడండి. షేర్ బతికున్నా లాగిన్ చేయించేవాడు లేకపోతే ఫలితం ఒకటే.

రాత్రిషిఫ్ట్ | బుధవారం ఉదయం 8:20

రెండూ మొదటి హోస్ట్ మీదే ఉన్నాయి మేడమ్. ఇవాళే ఒకటి మారుస్తాను.

కొత్తఅడ్మిన్ | గురువారం మధ్యాహ్నం 12:10

ఈ థ్రెడ్ చదివి మా దగ్గర చూశాను. షేర్‌కు కంటిన్యువస్ అవైలబిలిటీ టిక్ ఉంది కానీ, అది నిజంగా పనిచేస్తోందో లేదో ఎలా తెలుస్తుంది?

పాతకేబుల్ | గురువారం మధ్యాహ్నం 12:45

పవర్‌షెల్‌లో గెట్-ఎస్‌ఎంబీఓపెన్‌ఫైల్ కొట్టి, అన్ని వివరాలూ చూపించమని చెప్పు. తెరిచి ఉన్న ఒక్కో వీహెచ్‌డీఎక్స్ పక్కన కంటిన్యువస్లీ అవైలబుల్ అనే గడి ఉంటుంది. అక్కడ ట్రూ అని ఉంటేనే ఆ హ్యాండిల్‌కు రక్షణ ఉన్నట్టు. షేర్ మీద టిక్ ఉండటం వేరు, తెరిచిన ఫైలుకు అది అందడం వేరు. ఆ తర్వాత వైరు పీకి చూడు, రాత్రిషిఫ్ట్ చూసినట్టు.

రాత్రిషిఫ్ట్ | 5 వారాల తర్వాత, ఆదివారం ఉదయం 5:10

విట్నెస్ మూడో పెట్టె మీదికి మార్చాక రెండు హోస్టుల వైర్లూ మళ్లీ పీకి చూశాను, రెండుసార్లూ సెషన్లు నిలిచాయి. అందర్నీ మార్చి నాలుగు వారాలైంది.

నిన్న రాత్రి మొదటిసారి అప్‌డేట్లు వేశాను. రాత్రి షిఫ్టులో 40 మంది పనిలో ఉన్నారు. మొదటి నోడ్‌ను డ్రెయిన్ చేసి (పనంతా రెండోదానికి మళ్లించి) రీబూట్ చేశాను. అది లేచాక వెంటనే రెండోదాని మీద చెయ్యి వేయబోయి, స్టోరేజ్ జాబ్‌లు చూశాను. రిపేర్ 18 శాతం దగ్గర ఉంది. అంటే ఆ నోడ్ లేనప్పుడు రాసినవన్నీ ఇంకా దానికి చేరలేదు. అప్పుడు రెండోదాన్ని రీబూట్ చేసి ఉంటే వాల్యూమే కింద పడేది. 50 నిమిషాలు కుర్చీలోంచి లేవలేదు. జాబితా ఖాళీ అయ్యాక రెండోది చేశాను.

ఇప్పుడే హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేసి అడిగాను. రాత్రంతా ఒక్క టికెట్ కూడా రాలేదట.